రెటీనా సిర మూసుకుపోతే: నెలనెలా ఇంజెక్షనా, స్టెరాయిడ్ ఇంప్లాంటా?

కోవిడ్ తీవ్రంగా వచ్చి తగ్గినవారిలో గానీ, యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ వంటి, రక్తం త్వరగా గడ్డకట్టే జబ్బులున్నవారిలో గానీ రెటీనా ప్రధాన సిర మూసుకుపోయి, మాక్యులాలో (రెటీనా మధ్యన సూటి చూపునిచ్చే భాగంలో) నీరు చేరి, ఒక కన్ను మసకబారినప్పుడు కుటుంబసభ్యులు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. నెలనెలా కంటిలో ఇంజెక్షన్ చేయించుకునే బదులు, కంటి లోపల ఉండి మందును నెమ్మదిగా వదులుతూ కొన్ని నెలలు పనిచేసే స్టెరాయిడ్ ఇంప్లాంట్ ఒకేసారి పెట్టించుకోకూడదా?

ఈ రెండింటిలో ఏదీ మూసుకున్న సిరను తెరవదు; నీటిని తగ్గిస్తుంది, అంతే. రక్తాన్ని పలుచన చేసే మందులు ఆ నీటిని కూడా తీయవు. అయితే అవి మెదడును, ఊపిరితిత్తులను కాపాడటానికి ఫిజీషియన్ రాసినవి కాబట్టి, కంటికి వైద్యం మొదలైందని వాటిని సొంతంగా మానేయకూడదు.

2010లో వెలువడిన క్రూయిజ్ అధ్యయనంలో నెలనెలా 0.5 మి.గ్రా. రానిబిజుమాబ్ అనే ఇంజెక్షన్ మందు తీసుకున్నవారు ఆరు నెలలకు చార్టులో సగటున దాదాపు 15 అక్షరాలు అదనంగా చదవగలిగారు. ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవారికి సగటున ఒక్క అక్షరమైనా పెరగలేదు. 0.7 మి.గ్రా. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంప్లాంట్‌ను పరీక్షించిన జెనీవా అధ్యయనంలో మేలు రెండో నెలలో బాగా కనిపించి, ఆరో నెలకల్లా చాలావరకు కరిగిపోయింది. కనుక ‘ఒకేసారి’ అన్నది కొద్ది నెలల మాటే.

అక్షరాల లెక్క కన్నా నేను ఎక్కువగా చూసేది, రావలసిన రోజున రాలేకపోతే ఏమవుతుందన్నది. ఇంజెక్షన్ తేదీ తప్పితే నీరు మళ్ళీ చేరుతుంది, చూపు మసకబారుతుంది, ఆ మసకే సాధారణంగా మనిషిని తిరిగి ఆసుపత్రికి రప్పిస్తుంది. ఇంప్లాంట్ పెట్టినవారిలో కొందరికి, జెనీవాలో రెండో నెల నాటికి సుమారు 16 శాతం మందికి, కంటి ఒత్తిడి 25 mmHg లేదా అంతకు మించి పెరిగింది. ఆ పెరుగుదల చాలాసార్లు నొప్పి లేకుండానే సాగుతుంది, కంటి ఒత్తిడి పరీక్షకు రానివారిలో దృష్టి నాడి దెబ్బతిన్నాక గానీ బయటపడదు, అలా పోయిన చూపు తిరిగి రాదు. విచిత్రమేమంటే, తరచుగా రాలేమని చెప్పి ఇంప్లాంట్ కోరేవారే ఆ పరీక్షకూ రాలేరు. పైగా రక్తప్రసరణ బాగా తగ్గిన కళ్ళలో మూడో నెల ప్రాంతంలో కనుపాపపై కొత్త రక్తనాళాలు పుట్టి, వైద్యులు ‘వంద రోజుల గ్లాకోమా’ అనేది (కంటి ఒత్తిడి పెరిగి దృష్టి నాడి దెబ్బతినే జబ్బు) వచ్చే ప్రమాదముంది. ఇంజెక్షన్ మందు వాడుతున్నంత కాలం ఆ నాళాలను చాలావరకు అణచి ఉంచుతుంది, నెలనెలా వచ్చే రోగిని డాక్టరు ఎలాగూ చూస్తారు. అందుకే నా మొగ్గు ఇంజెక్షన్ వైపే.

దీనికి పెద్ద మినహాయింపు ఇటీవల పక్షవాతమో గుండెపోటో వచ్చినవారు. ఇంజెక్షన్ మందు కొద్దిగా రక్తంలోకి చేరుతుంది. దానివల్ల ధమనుల్లో గడ్డలు పెరుగుతాయని గట్టిగా రుజువు కాకపోయినా, మొదటి కొన్ని నెలలు వారికి ఇంప్లాంటే మేలనుకుంటాను. విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీని తీసేసే ఆపరేషన్) జరిగిన కంట్లో ఇంజెక్షన్ మందు త్వరగా కరిగిపోతుంది గనుక అక్కడా అంతే. గ్లాకోమా ముదిరినవారికి మాత్రం ఇంప్లాంట్ మాట ఎత్తకూడదు.

అసలు జబ్బు సిరదేనా అన్నది ముందే తేలాలి. హెర్పిస్ జాతి వైరస్ రెటీనాను తినేస్తుంటే, వైరస్ మందు లేకుండా కంట్లో స్టెరాయిడ్ పెట్టడం నిప్పులో నెయ్యి పోయడమే. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గిన రోజుల్లో వచ్చే మసక వేరు, అది చాలామందిలో దానంతటదే తగ్గుతుంది.

ఇంజెక్షన్లలో అవాస్టిన్ చవక. 2017 నాటి స్కోర్-2 అధ్యయనంలో ఆరు నెలలకు అది అఫ్లిబర్సెప్ట్ అనే మరో ఇంజెక్షన్‌కు తీసిపోలేదు. అఫ్లిబర్సెప్ట్‌తో సూదుల సంఖ్య కొంత తగ్గవచ్చు. ఇక లేజర్ సంగతి: ప్రధాన సిర మూసుకున్నప్పుడు మాక్యులాకు లేజర్ చేస్తే చూపు మెరుగుపడదని 1995లోనే తేలింది, కొత్త నాళాలు కనిపించినప్పుడే మిగతా రెటీనాకు లేజర్ అవసరం పడుతుంది.