ఫండ్‌స్మిత్ 13ఎఫ్: చాలా ఏళ్లు చూశాక నా మాట

టెర్రీ స్మిత్ 2010 నవంబరులో లండన్‌లో మొదలుపెట్టిన ఫండ్‌స్మిత్ ఈక్విటీ ఫండ్‌లో నాకు చాలా ఏళ్లుగా యూనిట్లున్నాయి. ఆ సంస్థ మూడు నెలలకోసారి అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి ఇచ్చే 13ఎఫ్ నివేదికను, అంటే తన దగ్గరున్న అమెరికాలో లిస్టయిన షేర్ల జాబితాను కూడా వదలకుండా చూస్తుంటాను. ఏ షేరు కొనాలో తేల్చుకోవడానికి అది పనికిరాదు. మేనేజర్ స్మిత్ తన మాట మీద నిలబడ్డాడా లేదా అన్నది తెలియాలంటే మాత్రం చాలా మంచి సాధనం.

ఆయన మాట తెలిసిందే: మంచి కంపెనీలు కొను, ఎక్కువ ధర పెట్టకు, ఆ తర్వాత ఏమీ చెయ్యకు. మైక్రోసాఫ్ట్ విషయంలో అలాగే చేశారు, 2011లో కొని ఏళ్ల తరబడి కదపలేదు. మెటా షేరు 2022లో కుప్పకూలినా వదిలించుకోలేదు. కానీ అమెజాన్ 2021లో వచ్చి 2023లో వెళ్లిపోయింది. అడోబీ 2022లో వచ్చి మరుసటి ఏడాదే బయటికి పోయింది. 2022లోనే కొన్న యాపిల్‌ని 2024లో అమ్మేశారు. దేని కారణం దానికి ఉండొచ్చు. అయినా ‘ఏమీ చెయ్యకు’ అనే మనిషికి ఇన్ని రాకపోకలు ఎక్కువే అనిపించింది నాకు.

కొత్తగా చూసేవాళ్లు డాలర్ విలువల జోలికి పోకుండా షేర్ల సంఖ్యనే పోల్చుకోవాలి. ధర పెరిగితే విలువ దానంతటదే పెరుగుతుంది, కొన్నట్టు కాదు. అన్ని కంపెనీల్లోనూ షేర్లు ఇంచుమించు ఒకే శాతం తగ్గితే, మదుపర్లు డబ్బు వెనక్కి తీసుకున్నారేమో అని ముందు అనుమానించాలి. ఒక్క కంపెనీలోనే సగానికి సగం తగ్గితే అదీ అసలు వార్త. ఇంకో తిరకాసు: 2023కి ముందు విలువలు వేల డాలర్లలో రాసేవారు, ఆ ఏడాది నుంచి నేరుగా డాలర్లలో రాస్తున్నారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే ఫండ్ వెయ్యి రెట్లు పెరిగిపోయిందని భ్రమపడతాం!

పారిస్‌లో లిస్టయిన లోరియల్ లాంటివి ఇందులో కనిపించవు. కాబట్టి ఇది పోర్ట్‌ఫోలియోలో ఒక ముక్క మాత్రమే. బొమ్మ మొత్తం కావాలంటే నెలవారీ ఫ్యాక్ట్‌షీట్, జనవరిలో స్మిత్ రాసే వార్షిక లేఖ చదవాల్సిందే. లేఖ చదవడానికి సరదాగా ఉంటుంది, పెద్దాయనకు నోటి దురుసు కాస్త ఎక్కువ.

రాబడి సంగతి: 2023లో ఫండ్ 12.4 శాతం, ప్రపంచ షేర్ల సూచీ ఎంఎస్‌సీఐ వరల్డ్ పౌండ్లలో 16.8 శాతం. 2024లో 8.9కి ఎదురుగా 20.8. సూచీని పైకి లాక్కెళ్లిన ఎన్‌విడియా ఈయన దగ్గర లేదు. ఆ లేకపోవడం కూడా ఒక నిర్ణయమే. కొన్నవీ అమ్మినవీ లెక్కపెట్టే మనం దాన్ని పట్టించుకోం.

క్వార్టర్ ముగిశాక నివేదిక ఇవ్వడానికి 45 రోజుల గడువు ఉంటుంది. అంటే మనం చూసేటప్పటికి అందులోని లావాదేవీ నాలుగు నెలల పాతదైనా కావచ్చు. మన దగ్గర మ్యూచువల్ ఫండ్లు నెల ముగిసిన పది రోజుల్లో మొత్తం పోర్ట్‌ఫోలియో బయటపెట్టాలని సెబీ నిబంధన. ఇండియాలో ఫండ్లు చూసి అలవాటైన వాళ్లకు 13ఎఫ్ చద్దివార్తలాగే ఉంటుంది.