డ్యూటీ చేస్తూ చదవాలా, సెలవు పెట్టి చదవాలా?

శ్రీకాకుళంలో పనిచేస్తూ, అమెరికాలో నర్సు లైసెన్సు కోసం పెట్టే ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ పరీక్ష రాయాలనుకునే నర్సులు ముందు తేల్చుకోవలసింది ఇదే. పరీక్ష ఐదు గంటలు. ప్రశ్నలు 85 నుంచి 150 దాకా.

ఖర్చు: డ్యూటీలో ఉంటే జీతం ఆగదు. సెలవు పెడితే ఆగుతుంది. రిజిస్ట్రేషన్‌కి 200 డాలర్లు, మన దేశంలో రాస్తే అదనంగా 150 డాలర్లు ఎలాగూ తప్పవు.

శ్రమ: డ్యూటీతో రోజుకు రెండు గంటలు, నాలుగైదు నెలలు. సెలవులో రోజుకు ఆరు గంటలు, ఆరేడు వారాలు. నైట్ డ్యూటీ దిగి నరసన్నపేట బస్సులో పుస్తకం తెరిచేదాన్ని. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. నైట్ చేసిన రోజు హాయిగా పడుకుని, సాయంత్రం 40 ప్రశ్నలు చేసి, తప్పులు చూసుకోండి చాలు.

వార్డు అనుభవం: డ్యూటీ వదులుకోవాలంటే నాకు మనసొప్పనిది ఇందుకే. ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ రోగులకు డయాలసిస్ చేసే నర్సుకి, ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళాలు) ఉన్న చేతికి బీపీ పట్టీ చుట్టకూడదని బట్టీ పట్టక్కర్లేదు. పొటాషియం పెరిగితే ఈసీజీలో టీ వేవ్ మొనదేలడం కళ్లారా చూసే ఉంటుంది. కానీ ఒక అలవాటు దెబ్బతీస్తుంది: మనం ముందు డాక్టరుగారికి ఫోన్ చేస్తాం, పరీక్షలో చాలాసార్లు ముందు రోగిని మనమే పరిశీలించాలి.

రిస్క్: తప్పితే 45 రోజులు ఆగాలి, ఫీజు మళ్లీ కట్టాలి.

చదువు ముగిసి ఏడాది రెండేళ్లే అయి, పగటి డ్యూటీ ఉంటే ఉద్యోగం వదలకండి. పుస్తకం ముట్టి ఐదారేళ్లై, షిఫ్టులు వారం వారం మారుతుంటే చివరి ఆరు వారాలైనా సెలవు పెట్టండి.