జర్మన్ పండగ మాటలకు ఆంకీ: కొన్నేళ్లు వాడాక

జర్మన్ నేర్చుకునేవాళ్లలో ఆంకీ పేరు విననివాళ్లు తక్కువ. మనం పెట్టుకున్న కార్డులను, సరిగ్గా మరిచిపోబోయే సమయానికి మళ్లీ చూపించే సాఫ్ట్‌వేర్. 2006 నుంచి ఉంది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఐఫోన్ యాప్‌కు మాత్రం ఒకసారి డబ్బు కట్టాలి. మామూలు పదాలకు ఇది ఎలా పనికొస్తుందో చాలామంది రాశారు కాబట్టి నేను పండగలు, ఆచారాలు, శుభాకాంక్షల మాటల వరకే రాస్తాను. కొలోన్ దగ్గర ఉంటూ, పాపను కిండర్‌గార్టెన్‌కు పంపుతూ కొన్నేళ్లుగా దీన్నే వాడుతున్నాను. ఆంకీ బాగుంది. కానీ ఈ మాటలకు రెడీమేడ్ డెక్, అంటే వేరేవాళ్లు చేసిపెట్టిన కార్డుల కట్ట, మాత్రం వద్దనే చెబుతాను.

మొదట్లో నేనూ ఒక ఉచిత డెక్ దించుకున్నాను. ముందువైపు ఈస్టర్, వెనకవైపు ఓస్టర్న్. ముందువైపు క్రిస్మస్, వెనకవైపు వైనాఖ్టెన్. అన్నీ పండగల పేర్లే. పేర్లు గోడ మీది క్యాలెండర్‌లోనే ఉంటాయి, వాటికోసం ఎవరూ తంటాలు పడరు. అసలు తంటా కిండర్‌గార్టెన్ నోటీసుతో వస్తుంది. నవంబర్ 11 సెయింట్ మార్టిన్ రోజు. దానికి ముందే పేపర్ లాంతరు చేయడానికి తల్లిదండ్రులను ఒక సాయంత్రం రమ్మంటారు. పండగ రోజు చీకటి పడ్డాక గుర్రం మీద మార్టిన్ వేషంలో ఒకరు ముందు నడిస్తే, పిల్లలు లాంతర్లు పట్టుకుని పాడుతూ వెనక నడుస్తారు. ఆ నోటీసు అర్థం కావాలంటే లాటెర్నె అన్న మాట ఒక్కటే తెలిస్తే చాలదు. బాస్టెల్న్, అంటే కాగితం, జిగురు పెట్టి చేతులతో తయారు చేయడం, అదీ తెలియాలి. డెక్‌లో ఆ క్రియ ఎక్కడా లేదు.

అందుకే ఇప్పుడు నా కార్డుల్లో క్రియ లేకుండా నామవాచకం ఉండదు. ఐయర్ ఫెర్బెన్, గుడ్లకు రంగులు వేయడం. డెన్ బావుమ్ ష్మ్యూకెన్, చెట్టును అలంకరించడం. ఆడ్వెంట్ దండకైతే రెండు మూడు కార్డులు పెట్టాను. ఆకుపచ్చ కొమ్మలతో చుట్టిన వలయం మీద నాలుగు కొవ్వొత్తులు, క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో వారానికొకటి అదనంగా వెలిగిస్తారు. 1839లో హాంబుర్గ్‌లో వీఖెర్న్ అనే పాస్టర్ తన ఆశ్రమంలోని పిల్లలకోసం బండి చక్రం మీద మొదలుపెట్టాడని చెబుతారు. వెలిగించడానికి ఆన్‌ట్స్యూండెన్ అనే క్రియ వాడాలి. వాక్యంలో పెడితే అది రెండుగా విడిపోయి 'ఆన్' చివరికి పోతుంది. ఆంకీలోని క్లోజ్ కార్డు, అంటే వాక్యంలో ఖాళీ వదిలి మనతో నింపించేది, ఇక్కడ బాగా పనిచేసింది. వ్యాకరణ పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రాని పద్ధతి కొవ్వొత్తుల దగ్గర వచ్చేసింది.

శుభాకాంక్షలదీ అదే సంగతి. గూటెన్ రుట్ష్ (కొత్త ఏడాదిలోకి హాయిగా అడుగుపెట్టండి), ఫ్రోహెస్ నోయెస్ యార్ (నూతన సంవత్సర శుభాకాంక్షలు), ఫ్రోహె వైనాఖ్టెన్ (క్రిస్మస్ శుభాకాంక్షలు). విశేషణం చివర ఒక్కోచోట ఒక్కోలా మారుతోంది చూడండి. రూలు వెతుక్కుంటూ కూర్చుంటే ఎదుటివాళ్లు లిఫ్టు దిగి వెళ్లిపోతారు. మొత్తం వాక్యాన్నే కార్డులో పెట్టి, ఎప్పుడు అనాలో కింద రాసుకోవాలి. గూటెన్ రుట్ష్ డిసెంబర్ 31 అర్ధరాత్రి లోపలే చెల్లుతుంది. పుట్టినరోజు శుభాకాంక్షల ఆంకీ కార్డు కింద నేను రాసుకున్నది ఇది: ముందురోజు చెప్పకూడదు, అశుభం అనుకుంటారు, ఆలస్యమైతే 'నాఖ్‌ట్రేగ్లిష్' (ఆలస్యంగా) అని చేర్చాలి, ఆఫీసులో కేకు తెచ్చేది పుట్టినరోజు ఉన్నవాళ్లే.

ఇక ప్రాంతాల గొడవ. ఈస్టర్ ముందు ఉపవాసాలు మొదలయ్యేలోపు వేషాలు వేసుకుని చేసుకునే సంబరం ఒకటే, పేర్లే వేరు: కొలోన్‌లో కార్నెవాల్, మైంట్స్‌లో ఫాస్ట్‌నాఖ్ట్, మ్యూనిక్ వైపు ఫాషింగ్. కొలోన్‌లో అలాఫ్ అని అరవాలి, పక్కనే ఉన్న డ్యూసెల్‌డోర్ఫ్‌లో హెలావ్. తారుమారైతే నవ్వుతూనే అయినా గట్టిగానే ఏడిపిస్తారు. రోజెన్‌మోంటాగ్, అంటే కార్నెవాల్ సోమవారం, చట్టప్రకారం సెలవు కాకపోయినా కొలోన్‌లో చాలా ఆఫీసులు మూసేస్తారు. నవంబర్ 1, సకల పునీతుల పండగ, మా రాష్ట్రంలో సెలవు, బెర్లిన్‌లో కాదు. అందుకని ప్రతి కార్డుకూ ఊరి ట్యాగ్ పెట్టండి. కార్నెవాల్ గురువారం ఆడవాళ్లు మగవాళ్ల టైలు కత్తిరిస్తారన్న సంగతీ కార్డులో ఉండాలి. మా ఆయన ఆ రోజుకని పాత టై ఒకటి దాచి ఉంచుకున్నారు.

ఆంకీలో నాకు నచ్చనిది ఒకటుంది. దానికి క్యాలెండర్ తెలియదు. డిసెంబర్‌లో సరిగ్గా చెప్పిన ఆడ్వెంట్ కార్డు ఎండలు మండే జులైలో ఎదురొస్తుంది, తీరా నవంబర్ చివర్లో అవసరమైనప్పుడు కనిపించదు. దీనికి ఫిల్టర్డ్ డెక్ ఉంది. పండగ ట్యాగ్ ఉన్న కార్డులన్నీ రెండు వారాల ముందు బయటికి లాగి తిప్పుకోవచ్చు. మన జవాబులను బట్టి తేదీలు మార్చే ఆప్షన్ తీసేస్తే అసలు షెడ్యూలూ చెదరదు. పనైతే జరుగుతుంది కానీ, ఏటా చేత్తో చేసుకోవాల్సిందే.

ఉచ్చారణ విషయంలో తెలుగు లిపిని నమ్ముకోకండి. చుక్కల 'ఉ'కి మన దగ్గర అక్షరం లేదు, ఇక్కడ నేను రాసిన 'ష్మ్యూ' కూడా ఉజ్జాయింపే. కిండర్‌గార్టెన్ టీచర్‌ను అడిగి కొన్ని వాక్యాలు ఫోన్లో రికార్డు చేసి కార్డుల్లో పెట్టుకున్నాను. రెడీమేడ్ డెక్‌లోని మెషిన్ గొంతుకూ దీనికీ పోలికే లేదు.

పరీక్షలకూ ఇది కలిసొచ్చింది. పౌరసత్వ పరీక్షలో 33 ప్రశ్నలకు 17 సరిగ్గా రాయాలి. ఈస్టర్, క్రిస్మస్, రోజెన్‌మోంటాగ్ ఆచారాల మీద ప్రశ్నలు ఆ ప్రశ్నావళిలోనే ఉన్నాయి. గోథె సంస్థ పెట్టే బీ1 (మధ్యస్థాయి జర్మన్) మాట్లాడే పరీక్షలో, అంశం ఏదిచ్చినా, మీ దేశంలో ఎలా ఉంటుందో చెప్పే భాగం ఒకటి ఉంటుంది. బతుకమ్మ కోసం నేను పెట్టుకున్నది ఇమ్ క్రైస్ టాన్‌ట్సెన్, గుండ్రంగా తిరుగుతూ ఆడడం. భోగికి ఆల్టె జాఖెన్ ఫెర్‌బ్రెన్నెన్, పాత సామాన్లు కాల్చడం. ఇక్కడి ఈస్టర్ మంటల కోసం నేర్చుకున్న మాటలే ఇందులోనూ సగం పనికొచ్చాయి.

రోజూ పది నిమిషాలు కూర్చోలేనివాళ్లకు ఆంకీ వద్దు. వారం వదిలేస్తే గుట్టగా పేరుకున్న కార్డులు చూసి టెన్షన్ పడి యాప్ తీసేస్తారు, మా స్నేహితురాలు అదే చేసింది. నేను మాత్రం ఇప్పుడు ఐన్‌షూలుంగ్, అంటే బడిలో చేరడం, అనే ట్యాగ్ మొదలుపెట్టాను. పాప వచ్చే ఏడు బడిలో చేరుతుంది. మొదటిరోజు మిఠాయిలు, పెన్సిళ్లు నింపి పిల్ల చేతికిచ్చే పెద్ద కాగితపు శంకువు, షూల్‌ట్యూటె, దాన్ని ఎవరు చేస్తారో, లోపల ఏం పెడతారో అడిగే వాక్యాలు ఒక్కొక్కటిగా చేరుస్తున్నాను.