పెరట్లోకి ఏ బాతు మేలు: ఖాకీయా, పెకినా, మస్కోవీయా?

నాలుగు బాతులకి చెరువే ఉండాలని లేదు. తల ముంచి ముక్కు కడుక్కునేంత లోతున్న తొట్టి చాలు, కానీ మేత పక్కనే ఉండాలి. నీళ్లు లేకుండా పొడి మేత పెడితే గొంతులో అడ్డం పడుతుంది.

గుడ్లకైతే ఖాకీ క్యాంప్‌బెల్. ఐదో నెలకి అందుకుని, మేత సరిగా పడితే ఏడాదికి 250 దాటిస్తుంది. నాటు బాతు అందులో సగం పెడితే గొప్ప. అయితే ఖాకీ పొదగదు. పొదుగుకొచ్చిన కోడి కింద ఆరేడు గుడ్లు సర్దితే 28 రోజులకి పిల్లలవుతాయి. ఇంకో సంగతి, బాతులు గుడ్డు పెట్టేది తెల్లారగట్లే ఎక్కువ. ఆరింటికే గూడు తలుపు తీశారా, గుడ్డు బోదెలో జారవిడిచి వస్తాయి. తొమ్మిది దాకా ఆగండి.

కూరకి వైట్ పెకిన్. ఏడు వారాలకే రెండు కిలోలు దాటుతుంది, అప్పుడే కోసెయ్యాలి. ఇంకో వారం పది రోజులు ఊరుకుంటే కొత్త ఈకల మొలకలు లేస్తాయి, ఒక్కొక్కటే గోళ్లతో లాగుతూ కూర్చోవాలి. మేత మాత్రం దండిగా తింటుంది.

ఇళ్లు గోడకి గోడ ఆనుకుని ఉన్న వీధిలో మా ఓటు మస్కోవీకే. ముఖం మీద ఎర్ర కాయలుంటాయి, చూడ్డానికి అందంగా ఉండదు. కానీ గోల చెయ్యదు, బుసకొడుతుందంతే. తన గుడ్లు తనే 35 రోజులు పొదుగుతుంది. గోడెక్కి పక్కింట్లో దిగకుండా ఒక రెక్క చివరి ఈకలు కత్తిరించాలి. దీన్ని పెకిన్‌తో కలిపితే పుట్టే పిల్లలు గొడ్డువి.

ఏ జాతైనా వానాకాలంలో మేతతో జాగ్రత్త. చెమ్మకి బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉంటుంది. కోడి తట్టుకున్నంత విషం కూడా బాతుపిల్ల తట్టుకోదు. గడ్డకట్టిన బస్తా ఎండబెట్టినా విషం పోదు, పారెయ్యాల్సిందే.

పురుగుమందు గుళికలు చల్లిన చేలోకి తోలొద్దు. రొయ్యల చెరువు గట్టెక్కనిచ్చినా తగాదాయే, పిట్టలు రాకుండా తాళ్లు కట్టుకునేవాళ్లు బాతుల్ని ఊరుకుంటారా? చలికాలంలో పరజలు, అంటే అడవి బాతులు, దిగే నీళ్లకీ దూరంగా ఉంచండి, బర్డ్‌ఫ్లూ భయం. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు కోళ్ల ఫారాలు ఖాళీ అయ్యాయి. బాతు పైకి కులాసాగా తిరుగుతూనే ఆ వైరస్‌ని మోయగలదు, అందుకే కోళ్లనీ బాతుల్నీ ఒకే గూట్లో పెట్టకూడదు.