కార్తీకంలో తిరుపతి: దర్శనం అయ్యాక కొండ కింద నాలుగు రోజులు

తిరుపతికి ఏటా వెళ్ళేవాళ్ళలో చాలామంది తిరుపతిని చూడరు. రైలు దిగడం, కొండెక్కడం, దర్శనం, లడ్డూలు, మళ్ళీ రైలు. ఈసారి కార్తీకంలో అమ్మనీ మా అమ్మాయినీ తీసుకుని వెళ్ళినప్పుడు మేం వరస మార్చాం. ముందు దర్శనం చేసేసుకుని, మిగిలిన రోజులన్నీ కింద ఊళ్ళోనే గడిపాం. రోజుకి ఒక్క చోటు అనుకున్నాం, అంతే. శరత్కాలంలో ఆ ఊరు, ఆ చుట్టుపక్కల పల్లెలు ఇచ్చే చిన్న చిన్న ఆనందాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటికి టికెట్టే లేదు. అందుకే ఏది బాగుంది, ఏది అంత బాగాలేదు అని వివరంగా రాస్తున్నాను.

ముందు వాతావరణం సంగతి. ఈ ప్రాంతానికి అసలైన వానలు ఈశాన్య రుతుపవనాలతో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. ఎండాకాలంలో ఎర్రగా మాడిపోయి కనిపించే శేషాచలం కొండలు ఈ రోజుల్లో పచ్చగా నిగనిగలాడతాయి. పొద్దున లేచి చూస్తే సగం కొండ మబ్బులోనే ఉంటుంది. పెద్ద వాన పడిన మర్నాడు కొండ మీది జలపాతం మాల్వాడి గుండం పారుతోందేమోనని ఊళ్ళోవాళ్ళు మేడల మీదికెక్కి చూస్తారు. మేమూ లాడ్జి మేడ మీదికెక్కి చూశాం. పక్క మేడ మీద బట్టలు తీస్తున్న ఒకావిడ మా అమ్మాయికి చెయ్యెత్తి చూపించింది: "అదో, ఆ తెల్లగా కనపడతాందే, అదే మా నీళ్ళు!" మా అమ్మాయికి ఆ పూటంతా అదే కబురు. అయితే ఇదే కాలంలో బంగాళాఖాతంలో వాయుగుండాలూ వస్తాయి. 2021 నవంబరు వరదలు ఆ ఊరివాళ్ళెవరూ మర్చిపోలేదు. కాబట్టి వాతావరణ హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. తిరుగు టికెట్టు కూడా ఒక రోజు వెసులుబాటుతో తీసుకోవడం మంచిది.

బస గురించి. దేవస్థానం వాళ్ళవి కిందే మూడు పెద్ద సముదాయాలున్నాయి. రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, దాని పక్కనే మాధవం. ఆన్‌లైన్లో ముందే రూమ్ దొరికితే వేరే ఆలోచన పెట్టుకోకండి. శుభ్రంగా ఉంటాయి, ఎక్కడికి వెళ్ళాలన్నా బస్సు చేతికందే దూరంలో ఉంటుంది. కానీ అవి దర్శనానికి వచ్చేవాళ్ళ కోసం కట్టినవి. ఎప్పుడూ సందడే, నాలుగు రోజులు స్థిమితంగా ఉండడానికి అనువు కాదు. అందుకని దర్శనం అయ్యాక మేం ఒక ప్రైవేటు లాడ్జికి మారాం. అక్కడ రూమ్ బాగుంది, కిటికీ తెరిస్తే కొండ. ఒక్కటే ఇబ్బంది. "ఇరవై నాలుగు గంటల చెకౌట్" అని ఫోన్లో చెప్పి, తీరా దిగాక మధ్యాహ్నం పన్నెండుకే రోజు లెక్క అన్నారు. వేడినీళ్ళు పొద్దున రెండు గంటలే వచ్చాయి. కార్తీకంలో తెల్లవారుజామున స్నానం చేసే పెద్దవాళ్ళు వెంట ఉంటే ఈ రెండు విషయాలూ అడ్వాన్సు కట్టకముందే అడిగి మెసేజ్ రూపంలో తీసుకోండి. నా ఉద్దేశంలో అలిపిరి, కపిలతీర్థం వైపు ఉండడమే మేలు. స్టేషన్ వైపు హారన్ల మోత ఎక్కువ, ఇటువైపు గాలి బాగుంటుంది, పొద్దున నడవడానికి వీలుంటుంది.

కపిలతీర్థానికి రెండు పొద్దులు వెళ్ళాం. కొండ పైనుంచి జలపాతం నేరుగా కోనేట్లోకి దూకుతుంది, ఆ పక్కనే కపిలేశ్వరుడి గుడి. వేసవిలో వస్తే సన్నటి ధార ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. కార్తీకంలో అయితే దూరం నుంచే హోరు వినిపిస్తుంది. నీటి ఉధృతి ఎక్కువైతే స్నానాలు ఆపేస్తారు. ఆపితే గట్టు మీద కూర్చోండి, తుంపర్లు అక్కడిదాకా వస్తాయి. తెల్లవారకముందే ఆడవాళ్ళు ఉసిరికాయల మీద ఒత్తులు పెట్టి వెలిగిస్తారు. గాలికి దీపం కొండెక్కితే పక్కావిడ తన దీపంతో మళ్ళీ వెలిగించి పెడుతుంది. అమ్మ దీపం అలా ముగ్గురు వెలిగించారు. ఆదివారం, సోమవారం రద్దీ చాలా ఎక్కువ. మిగతా రోజుల్లో ఆరు లోపల వెళ్తే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా తాపీగా చూడొచ్చు. చెప్పులు పెట్టే చోటు నుంచి లోపలికి తడి రాళ్ళు జారతాయి, పెద్దవాళ్ళ చెయ్యి వదలకండి.

నాకు అన్నింటికన్నా నచ్చింది చంద్రగిరి. తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. 1592లో విజయనగర రాజులు పెనుకొండ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చారు. కోటలో రాజమహల్, రాణీమహల్ ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. రాజమహల్ మూడంతస్తుల కట్టడం. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కొయ్య దూలమనేది వాడలేదు. లోపల పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. ఎదురుగా పచ్చిక, వెనక నిట్టనిలువు రాతికొండ. చూడాల్సినవన్నీ గంటలో అయిపోతాయి. మేం మాత్రం పొద్దుగూకేదాకా ఉన్నాం. వాన వెలిసిన గడ్డి మీద ఆరుద్ర పురుగుల కోసం మా అమ్మాయి వెతుకుతూ ఉంటే (వాటి కాలం అప్పటికే దాటిపోయిందని అమ్మ చెప్పినా వినలేదు) కోట చూడ్డానికి వచ్చిన ఎవరో పిల్లలు కూడా వెతకడంలో చేరిపోయారు. పురుగు దొరకలేదు గానీ చీకటి పడేదాకా ఆట సాగింది.

చంద్రగిరి వెళ్ళే దారిలోనే చెనక్కాయల రుచి దొరికింది. వానాకాలం పంట అప్పుడే పీకుతున్నారు. చేల గట్ల మీద చెట్లు కుప్పలేసి, ఆడవాళ్ళు కూర్చుని కాయలు కోస్తున్నారు. రోడ్డు పక్కన ఒక పెద్దావిడ డేగిసాలో ఉప్పేసి పచ్చికాయలు ఉడకబెడుతోంది. ఆటో దిగీ దిగకముందే అమ్మ చేతిలో గుప్పెడు పోసి, "తిని చూడు మా, కొనకపోయినా ఏం గాదు" అంది. లేత కాయ పైతొక్కతో పాటే మెత్తబడి, లోపల ఉప్పునీరు నిండి ఉంటుంది. ఆ నీళ్ళు జుర్రుకుని తర్వాత గింజ తినాలి. ఆ రోజు మా మధ్యాహ్న భోజనం అదే అయింది. ఆ పక్కనే కొండ సీతాఫలాలు గంపల్లో. పంట చివర కాబట్టి కాయ చిన్నది, తీపి మాత్రం గట్టిది. కళ్ళు విచ్చిన కాయ ఆ రోజుకి, గట్టికాయ మర్నాటికి అని అమ్మేవాళ్ళే ఏరి ఇస్తారు.

తలకోన మీద నా మాట కాస్త వేరు. 270 అడుగుల జలపాతం, చుట్టూ శేషాచలం అడవి, నిజంగానే అందమైన చోటు. నీళ్ళు బాగా ఉండేది కూడా ఈ కాలంలోనే. కానీ తిరుపతి నుంచి రానూపోనూ సగం రోజు ప్రయాణమే సరిపోతుంది, బస్సులు తక్కువ, కారు మాట్లాడుకోక తప్పదు. మేం వెళ్ళింది సెలవు రోజు. జలపాతం కింద పాటల మోత, గట్టు నిండా ప్లాస్టిక్ ప్లేట్లు. మామూలు రోజు పొద్దున్నే వెళ్ళగలిగితే వెళ్ళండి, లేదంటే ఆ కారు డబ్బులు మిగుల్చుకోండి. వానలు ఎక్కువైతే అడవి శాఖ వాళ్ళు లోపలికి పంపరు, ముందు కనుక్కుని బయల్దేరాలి.

శ్రీకాళహస్తికి ఆర్టీసీ బస్సు చాలు, నలభై కిలోమీటర్ల లోపు. గుళ్ళో వాయులింగ దర్శనం అయ్యాక వెంటనే బస్సెక్కకుండా కలంకారీ వేసే వీధుల వైపు నడవండి. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ మీద వెదురు కలంతో గీస్తారు. నల్లరంగుకి ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన కసిం వాడతారు. అచ్చులు వాడరు, గీతంతా చేత్తోనే. మేం వెళ్ళిన ఇంట్లో రామాయణం గుడ్డ వేస్తున్న ఆయన, మా అమ్మాయి కళ్ళార్పకుండా చూస్తుంటే, చిన్న గుడ్డముక్కా కలమూ ఇచ్చి ఆకు వెయ్యమన్నారు. ఏమైనా కొనమని ఒక్క మాట అడగలేదు. కొన్నది మాత్రం అక్కడే కొన్నాం. తిరుపతి కొట్లలో ప్రింటు గుడ్డలు కూడా కలంకారీ పేరుతోనే అమ్ముతారు. చేత్తో వేసినదాని గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది, ముక్కున పెట్టుకుంటే పులిసిన వాసన కొంచెం తెలుస్తుంది.

తిండికి తిరుపతిలో లోటు లేదు. పెద్ద హోటళ్ళలో టిఫిన్లు బాగానే ఉన్నాయి గానీ ఎక్కడైనా అదే రుచి. సందుల్లోని చిన్న మెస్సులో రాగి సంగటి, ఊరిబిండి (చెనక్కాయల పచ్చడి), పుల్లగూర పెట్టారు. సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోసి ఇచ్చిన అన్న "ఇంకో ముద్ద ఏస్తా, మొగమాటం ఎందుక్కా" అంటూ వెనకే నిలబడ్డాడు. కొండ మీదైతే తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం ఉండగా ఇంకెక్కడా వెతకనక్కర్లేదు. అంతమందికి వడ్డిస్తూ కూడా మా అమ్మ విస్తట్లో చారు అయిపోయింది చూసి మళ్ళీ వచ్చి పోశారు.

ఊళ్ళో తిరగడానికి ఆటోలున్నాయి, మీటరు మాట ఉండదు. స్టేషన్ బయట చెప్పిన రేటు, వంద అడుగులు నడిచి రోడ్డు మీద అడిగితే తగ్గింది. తిరుచానూరుకి షేర్ ఆటో హాయి. అక్కడ పద్మావతి అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు నవంబరు, డిసెంబరు రోజుల్లో జరుగుతాయి, చివరి రోజు పంచమి తీర్థానికి జనం విపరీతంగా వస్తారు. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఆ ఒక్క రోజూ వదిలేసి, ముందు రోజుల్లో సాయంత్రం వాహనసేవకి వెళ్ళండి. మాడవీధిలో ముగ్గులు వేసేవాళ్ళనీ, కోలాటం ఆడేవాళ్ళనీ పక్కనే నిలబడి చూడొచ్చు.

నడిచి కొండెక్కాలనుకుంటే అలిపిరి దారిలో 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి అంతకన్నా పొట్టిది గానీ నిట్టనిలువు. మేం అలిపిరి నుంచి గాలిగోపురం దాకా మాత్రం ఎక్కి దిగాం. అమ్మ కిందే మండపంలో కూర్చుని, మెట్లకి పసుపు కుంకుమ పెట్టుకుంటూ వెళ్ళేవాళ్ళతో కబుర్లాడింది. 2023లో చిరుత ఘటనల తర్వాత నడకదారిలో పిల్లల విషయంలో దేవస్థానం ఆంక్షలు పెట్టింది. కాబట్టి పిల్లలతో వెళ్ళేవాళ్ళు పొద్దున్నే బయల్దేరాలి, గుంపుతో కలిసి నడవాలి. మూడు రోజులే వీలైతే నేను కపిలతీర్థం, చంద్రగిరి, శ్రీకాళహస్తి ఉంచి తలకోన తీసేస్తాను. వారం మధ్యలో వెళ్తే రూమ్ ధర తక్కువ, కోటలో జనమూ తక్కువ.