పూసల సూదులు: అంకె కన్నా బెజ్జం, పొడవు చూడాలి

పూసల పనికి ఏ సూది కొనాలని అడిగితే ఎవరైనా ముందు నంబరే చెబుతారు. 10, 12, 13. నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అంతవరకూ నిజమే. కానీ ఏళ్ల తరబడి రకరకాల సూదులు వాడాక నా లెక్కలో నంబర్‌ది మూడో స్థానం. ముందు బెజ్జం, తర్వాత పొడవు. కంపెనీ పేరు ఇంకా వెనక.

పూసలో సూది ఇరుక్కునేది ఎక్కువగా బెజ్జం దగ్గరే. మామూలు ఎంబ్రాయిడరీ సూది బెజ్జం పొడుగ్గా ఉంటుంది, అక్కడ సూది కాస్త ఉబ్బుతుంది. బట్టకు అది మంచిదే. వెనక వచ్చే దారానికి దారి చేసిపెడుతుంది, పోగులు రేగవు. అదే ఉబ్బు పూస రంధ్రంలో అడ్డం పడుతుంది. పూసల సూదికి బెజ్జం చుట్టూ దాదాపు ఉబ్బే ఉండదు, మొన నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకే మందం. దానికి మనం చెల్లించే మూల్యం దారం ఎక్కించడం. బెజ్జం సన్నని చీలికలా ఉంటుంది కాబట్టి దారం ఎక్కించడానికి వాడే మామూలు త్రెడర్ తీగ కూడా దూరదు, బలవంతం చేస్తే తీగే తెగుతుంది.

నేను ఎక్కించే పద్ధతి చెబుతాను. దారం కొసను పదునైన కత్తెరతో ఏటవాలుగా కోసి, రెండు గోళ్ల మధ్య నొక్కి చదును చేస్తాను. దారానికి బదులు బెజ్జానికే కాస్త తడి అద్దుతాను. కొసను బొటనవేలు, చూపుడువేలు మధ్య కనీకనపడనట్టు పట్టుకుని, సూదినే దాని మీదికి తెస్తాను. వెళ్లకపోతే సూదిని వెనక్కి తిప్పుతాను. చాలా సూదుల బెజ్జాన్ని అచ్చుతో గుద్ది చేస్తారు, అందుకే ఒక వైపు నున్నగా, ఇంకో వైపు గరుగ్గా ఉండొచ్చు. నున్నటి వైపు నుంచి అదే దారం ఇట్టే వెళ్తుంది. ఇది తెలిశాక నాకు సగం టెన్షన్ తగ్గింది.

ఇక నంబర్ సంగతి. చిన్న పూసల్లో ఎక్కువ మంది వాడే సైజు 11/0. పూసల్లోనూ అంకె పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. మంచి జపాన్ పూస అయితే రంధ్రం 0.8 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మొదటిసారి 10 నంబర్ సూది హాయిగా దూరుతుంది. కానీ అల్లికలో ఒకే పూసలోంచి రెండు మూడు సార్లు వెళ్లాలి. ఒక్కో పోగు చేరేకొద్దీ ఆ రంధ్రం ఇరుకవుతుంది. మూడోసారికి సూది ఆగిపోతుంది. అక్కడ పటకారు పెట్టి లాగారా, పూస పగులుతుంది, లేదా దాని అంచు దారాన్నే కోసేస్తుంది. అందుకే 11/0 అల్లికకు నాకు 12 నంబరే కావాలి. 15/0 పూసలైతే 13. అంతకన్నా సన్నవి ఉన్నాయి కానీ ముట్టుకుంటే వంగిపోయేలా ఉంటాయి, తప్పనిసరి అయితే తప్ప వాటి జోలికి వెళ్లను.

పొడవు విషయంలో నా అభిప్రాయం గట్టిది. పూసల సూది అనగానే అందరి చేతిలో కనిపించే ఐదు సెంటీమీటర్లకు పైబడిన పొడుగు సూది దండలు గుచ్చడానికి పనికొస్తుంది, ఒకేసారి బోలెడు పూసలు ఎక్కుతాయి. ఫ్రేమ్‌కు బిగించిన బట్ట మీద ఒక్కో పూసా కుట్టే పనికి మాత్రం అది శుద్ధ దండగ. వేలు పట్టిన చోటునుంచి మొన దూరంగా ఉంటుంది, గురి తప్పుతుంది, మధ్యలో విల్లులా వంగుతుంది. అదే మందంలో సుమారు మూడు సెంటీమీటర్ల పొట్టి పూసల సూదులు దొరుకుతాయి, లేదా 10, 12 నంబర్ షార్ప్స్ (చేతి కుట్టుకు వాడే మామూలు సన్న సూదులు) తీసుకోవచ్చు. బట్ట కింద నుంచి మొన ఎక్కడ పైకి రావాలో చేతికి తెలుస్తుంది. పొట్టి సూదికి మారాక నా వరసలు నిటారుగా వస్తున్నాయి. ఇందులో ప్రతిభ ఏమీ లేదు, సూది వంగకపోవడమే.

కాస్త వంగిన సూదిని నేను పారేయను, చేతి వంపుకు అలవాటు పడి ఇంకా బాగా నడుస్తుంది. బెజ్జం మెలిపడిందంటే మాత్రం వెంటనే పక్కన పెడతాను, ఎందుకంటే అది దారాన్ని నమిలేస్తుంది. కొత్త సూది బెజ్జం ఎలా ఉందో తెలుసుకోవాలంటే పత్తి దారం ఎక్కించి అటూ ఇటూ నాలుగుసార్లు లాగండి. నూగు లేచిందా, ఆ సూది వద్దు. ఒకే ప్యాకెట్లో కొన్ని నున్నగా, కొన్ని రంపంలా ఉండటం చౌక సూదుల్లో నేను తరచూ చూసింది. ఈ విషయంలో జపాన్ ట్యులిప్ సూదులు నాకు బాగా నచ్చాయి, బెజ్జం నునుపు తేడా చేతికే తెలుస్తుంది. ఇంగ్లండ్ బ్రాండ్ జాన్ జేమ్స్‌లో రకాలు ఎక్కువ, రోజువారీ పనికి అవి చాలు.

పెద్ద బెజ్జం సూది అని ఒకటి వస్తుంది. రెండు సన్నని తీగలు రెండు కొసల్లో అతికించి ఉంటాయి, మధ్యంతా బెజ్జమే. దారం గుచ్చడం పిల్లల ఆట, దండలకు బాగుంటుంది. బట్టకు పనికిరాదు. మెలిపెట్టిన తీగ సూది ముత్యాలకు మాత్రమే, బెజ్జం మొదటి పూసకే నొక్కుకుపోతుంది.

పూసలు లేని సన్నని ఎంబ్రాయిడరీలో బులియన్ కుట్టు (దారాన్ని సూదికి చాలా చుట్లు చుట్టి లాగే కుట్టు) వేసేవాళ్లకు మిల్లినర్స్ సూది తప్పనిసరి. బెజ్జం దగ్గర ఉబ్బు లేదు కాబట్టి చుట్టిన చుట్లన్నిటిలోంచి సూది జారి బయటికి వస్తుంది. మామూలు సూదితో ఆఖరి చుట్టు దగ్గర ఇరుక్కుని, పువ్వు రేక చెదిరిపోతుంది. బట్ట పోగులు లెక్కపెట్టి వేసే లెక్క కుట్టుకు మొండి మొన ఉన్న టేపెస్ట్రీ సూదులు 24, 26 చాలు. ఈ అంకెలను షార్ప్స్ అంకెలతో పోల్చకండి, ఒక్కో రకానిది ఒక్కో వరస.

చేతికి చెమట పట్టేవాళ్లు ఇంకొకటి గమనించాలి. పైన ఉన్న నికెల్ పూత అరిగితే లోపలి ఉక్కు తుప్పు పడుతుంది, లేత రంగు పట్టు మీద ఆ మరక వదలదు. పని ఆపినప్పుడు సూదిని బట్టలోనే గుచ్చి ఉంచకండి. నికెల్ పడనివాళ్లకు బంగారు పూత లేదా ప్లాటినం పూత సూదులు ఉన్నాయి.

అన్ని సైజులూ కలిపి అమ్మే ప్యాకెట్లు నేను కొనను. అందులో మనకు కావాల్సినవి రెండో మూడో ఉంటాయి, బయటికి తీశాక 12 ఏదో 11 ఏదో కంటితో చెప్పలేం. ఒకే నంబర్ ప్యాకెట్ తీసుకుని, ఆ చీటీని సూదులతోపాటే డబ్బాలో పెట్టుకోండి.