తేదీల రెగెక్స్ లైబ్రరీ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చూడండి

వరంగల్, కరీంనగర్ వైపు చిన్న చిన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు రాసే అన్నలకు, తమ్ముళ్లకు ఒక హెచ్చరిక. తేదీలను పట్టే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను (రెగెక్స్, అంటే అక్షరాల్లో కావాల్సిన రూపాన్ని వెతికి పట్టే నమూనాలు) తనే తయారుచేసి ఇచ్చే ఒక పెయిడ్ లైబ్రరీకి ఏడాది లైసెన్సు కొన్నాను. పేరు రాయడం లేదు. ఇలాంటిది ఏది కొన్నా ఈ సంగతులు మాత్రం పరీక్షించుకోండి.

ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమిషన్ ఏజెంటు) దుకాణం కోసం తీసుకున్నాను. మిర్చి తక్‌పట్టీల (అమ్మకం చీటీల) మీది తేదీని చదివి రైతు ఖాతాలో ఎక్కించడం పని. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. ఇది అమెరికా పద్ధతిలో నెలనే ముందు తీసుకుంటుంది. ఇండియా అని సెట్ చేసినా, మధ్యలో స్లాష్ ఉంటే మళ్లీ పాత పాటే. 05/03/2024 అంటే మనకు మార్చి 5. దానికి మే 3. రెండూ ఉన్న తేదీలే కాబట్టి ఎర్రర్ రాదు. 13వ తారీఖు చీటీ వచ్చినప్పుడే, 13వ నెల లేదు కాబట్టి, ఆగిపోతుంది. అంటే నెలలో మొదటి 12 రోజుల చీటీలు చప్పుడు లేకుండా తారుమారవుతాయి. మార్చిలో సరుకు అమ్మిన రైతుకు రావాల్సిన బాకీకి మే నుంచి మిత్తి లెక్క కడితే ఎవరు ఊరుకుంటారు? గుమాస్తా పాత చిట్టాతో సరిచూశాడు కాబట్టి గొడవ కాలేదు.

ఇంకోటి, చుక్క. రెగెక్స్‌లో చుక్కంటే ఏ అక్షరమైనా సరే అని అర్థం, నిజంగా చుక్కే కావాలంటే ముందు బ్యాక్‌స్లాష్ ఉండాలి. వీళ్లు అది పెట్టలేదు. 12.05.2024 కోసం ఇచ్చిన రెగెక్స్ 1290572024 అనే బిల్లు నంబరును కూడా తేదీ కింద పట్టేసింది! ఫిబ్రవరి 30ని ఆపుతుంది గానీ, లీపు కాని 1900ను లీపు సంవత్సరం అనుకుంటుంది. 1900లో మార్కెట్‌కొచ్చిన రైతు మన ఖాతాల్లో లేడనుకోండి, కానీ ప్రకటనలో లీపు లెక్క పక్కా అని రాసుకున్నారు.

ట్రయల్‌లో ఇవేవీ తెలియవు. అందులో 2024-03-05 లాంటి ఐఎస్‌ఓ 8601 (తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం) రూపం ఒక్కటే ఇస్తారు, అది బాగానే పనిచేస్తుంది. మిగతావి డబ్బు కట్టాకే తెరుచుకుంటాయి. ఫిర్యాదు చేస్తే "డిజైన్ అలాగే ఉంది" అన్నారు. రీఫండ్ అడిగాక జవాబే లేదు.

అసలు దీనికి పైసలు పెట్టాల్సిన పనే లేదు. అంకెలు, మధ్య గుర్తులు సరిగ్గా ఉన్నాయా అన్నంతవరకే రెగెక్స్‌తో చూసుకుని, అసలు తనిఖీ పైథాన్‌తోనే వచ్చే డేట్‌టైమ్ మాడ్యూల్‌కు ఇవ్వండి. రోజు, నెల, సంవత్సరం వరుస మనమే చెప్పి అందులోని స్ట్రిప్‌టైమ్ (strptime) ఫంక్షన్‌ను పిలిస్తే, లేని తేదీకి వాల్యూఎర్రర్ ఇస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మాత్రం జాగ్రత్త: డేట్‌కు సంవత్సరం, నెల, రోజు విడివిడిగా ఇచ్చి 2024 ఫిబ్రవరి 30 అడిగితే, ఎర్రర్ లేకుండా మార్చి 1 చేసేస్తుంది. తిరిగొచ్చిన రోజు, నెల మనమిచ్చినవేనా అని పోల్చాలి.

ఇప్పటికే కొన్నవాళ్లు బ్యాంకు యాప్‌లో ఆటో పేమెంట్ మాండేట్ ఉందేమో చూసి రద్దు చేసుకోండి. లైసెన్సు దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టారు.